ఇంజనుకు బోరునీళ్ళు తాపితే వాటర్ పంపు పోకుండా ఏమయితాది?

సినిమాల్లో మన సీమ అంటే సుమోలు గాల్లోకి లేస్తాయి. నిజం సుమోను చూడాలంటే మే నెల మధ్యాన్నం ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు మింద పోయి చూడండి. బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుకుంటా రోడ్డు పక్కన నిలబడింటాది. తుమ్మచెట్టు నీడన కూలోళ్ళు కూచోనుంటారు. డ్రైవరు పిల్లోడు ఖాళీ క్యాను పట్టుకోని నీళ్ళు యాడుండాయా అని చేన్ల దిక్కు చూస్తా ఉంటాడు.

1994లో వచ్చిన ఆ బండికి సుమంత్ మూల్గావ్‌కర్ అనే టాటా కంపెనీ పెద్దాయన పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి సుమో అని పెట్టినారు. 2019లో తయారీ ఆగిపోయింది. మన దగ్గర తిరగడం మాత్రం ఆగల్యా. కోసిగి, పెద్దకడుబూరు పక్కన గుంటూరు మిరప కోతలకు పోయేటోళ్ళను ఎక్కించుకునేది, రాత్రిపూట కానుపు నొప్పులొస్తే కర్నూలు పెద్దాసుపత్రికి ఉరికేది ఇట్లాంటి మూడో చేతి, నాలుగో చేతి బండ్లే. దాన్ని నడిపే తమ్ముడు ఫైనాన్సులో తీసుకోనుంటాడు. బండి మూడు దినాలు షెడ్డులో నిలబడితే ఆ నెల కంతు పోయినట్లే. అందుకే ఈసారి రాజకీయం రోంత పక్కన పెట్టి వాటర్ పంపు గురించి రాస్తాండా. రాజకీయం పూర్తిగా పక్కకు పోతాదని మాత్రం మాటియ్యను.

పంపు పని శానా చిన్నది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళను రేడియేటరుకు తోసి, చల్లారినాక మళ్ళీ ఇంజనులోకి పంపుతాది. లోపల రెక్కల చక్రం, దానికో షాఫ్టు, షాఫ్టుకు బేరింగు, నీళ్ళు బేరింగు దిక్కు రాకుండా అడ్డం ఒక సీలు. ముందు పోయేది ఎక్కువగా ఆ సీలే. సీలు దాటిన నీళ్ళు బయటికి కారేదానికి పంపు కింద కంపెనీవాళ్ళే చిన్న బెజ్జం పెట్టింటారు. ఆడ తెల్లగానో, పచ్చగానో, తుప్పు రంగులోనో ఎండిపోయిన చార అగుపడిందంటే పంపు మనకు ముందే చెప్తాండాదని అర్థం. కొందరు ఆ బెజ్జానికి ఎంసీల్ పెట్టి మూస్తారు. అట్ల చేస్తే నీళ్ళు బేరింగులోకే పోయి గ్రీజును కడిగేస్తాయి. షాఫ్టు ఊగుతాది, గురగుర సద్దొస్తాది, ఆఖరికి ఫ్యాను పోయి రేడియేటరునే చీలుస్తాది.

ఇంతకూ సీలు ఎందుకు పోతాది? నా లెక్కలో సగం జవాబు మన నేలలోనే ఉంది. బేతంచర్ల, కోయిలకుంట్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్కంతా సున్నపురాయి. నార్జి ఊరి పేరుతోనే ఒక రకం సున్నపురాయిని భూగర్భ శాస్త్రవేత్తలు పిలుస్తారు. మన ఇండ్లల్లో పరుచుకునే నల్ల కడప బండ అదే జాతి, సిమెంటు ఫ్యాక్టరీలన్నీ మన నెత్తిన వచ్చి కూచున్నది దాని కోసరమే. ఆ రాయిలో నుంచి వచ్చే బోరునీళ్ళలో సున్నం కరిగి ఉంటాది. నీళ్ళు వేడెక్కితే ఆ సున్నం మళ్ళీ రాయిగా మారి పేరుకుంటాది. నీళ్ళు కాంచే తపేలా అడుగున తెల్లగా పెచ్చు కట్టేది మీ అమ్మనడిగితే చెప్తాది. రేడియేటరు సన్న గొట్టాల్లో జరిగేది కూడా అదే. పెచ్చు రేణువులు సీలును ఇసుక కాయితం మాదిరి గీకుతాయి, ఉత్తనీళ్ళకు ఇనుము తుప్పు పడతాది. ఎండ 45 డిగ్రీలు తాకే ఊర్లో, పదిమంది ఎక్కాల్సిన బండిలో ఇరవైమంది ఎక్కితే ఇంక చెప్పేదేముంది.

2019లో జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు 2024కల్లా పల్లెల్లో ఇంటింటికీ కుళాయి అన్నారు, ఇప్పుడు గడువు 2028కి జరిగింది. పక్కనే శ్రీశైలం పెట్టుకోని మనం ఇంజనుకూ అదే బోరు, ఇంట్లోకీ అదే బోరు. సరే, పంపు కాడికొస్తాం.

పంపు మార్చే ముందు పోయింది పంపేనా అని చూడల్ల. ఇంజను ఆపి, చల్లారినాక ఫ్యాను రెక్క పట్టుకోని ముందుకూ ఎనక్కూ ఊపండి. ఊగితే బేరింగు పోయినట్లే. గొట్టాల క్లిప్పుల కాడ కారుతాందేమో చూడండి. ఇంజను ఆయిలు పుల్ల తీస్తే ఆయిలు మజ్జిగ మాదిరి తెల్లగుంటే అది పంపు కత కాదు, హెడ్ గ్యాస్కెట్టు పోయుండొచ్చు. ఆ బండిని ఇంక స్టార్ట్ చెయ్యకుండా తెలిసిన మెకానిక్కును పిలవండి.

ఇంకో మాట. పంపు తిరిగేది ఏ బెల్టుతో? సుమో, పాత జీపుల్లో ఎక్కువగా పంపు ముందరనే, ఫ్యాను బెల్టుతో తిరుగుతాది. ఇంటికాడ చెట్టుకింద చేసుకునేది అట్లాంటిదాన్నే. కొన్ని కార్లలో పంపును టైమింగ్ బెల్టు తిప్పుతాది, లేదంటే పంపు కాడికి పోవాలంటే ఆ బెల్టు తీయాల్సొస్తాది. అది ఒక పన్ను తప్పి ఎక్కినా వాల్వులు పోయి పిస్టన్‌కు కొట్టుకోవచ్చు. అట్లాంటి బండిని షెడ్డుకే తీస్కపోండి. షెడ్డులో ఐదో తరగతి మానేసిన పిల్లోడు ఆ మార్కులు కలిపే తీరు పక్కన నిలబడి చూడండి. ఆ చదువుకు సర్టిఫికెట్ ఇచ్చేటోడు లేడు గానీ అది చదువు కాదనేటోడు ఎవడు?

పని పొద్దన్నే పెట్టుకోండి, ఇంజను రాత్రంతా చల్లారి ఉండల్ల. వేడి మీద రేడియేటరు మూత తిప్పొద్దు. ఆ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచుతాది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా ఉడకవు. మూత తెరిస్తే ఆ క్షణమే ఆవిరై మొగం మీదికి ఎగదన్నుతాయి. గుడ్డ కప్పి తిప్పితే ఏం కాదనే మాట నమ్మొద్దు.

బ్యాటరీ నెగటివ్ వైరు పీకి, రేడియేటరు కింద తొట్టి పెట్టి నీళ్ళు వదలండి. ఏది తీసే ముందైనా సెల్లులో ఫోటో కొట్టుకోండి. ఫ్యాను నట్లు బెల్టు బిగుతుగా ఉన్నప్పుడే సడలించల్ల, బెల్టే పుల్లీని పట్టుకుంటాది. బెల్టు తీసేసినాక అయితే పానా తిప్పినప్పుడల్లా పుల్లీ కూడా తిరుగుతా మనల్ని ఎగతాళి చేస్తాది. కొన్ని ఫ్యాన్లకు నడుమన ఒకటే పెద్ద నట్టు, అది ఎడమ చుట్టు ఉండొచ్చు. తిరగకపోతే బలం పెట్టే ముందు అది చూసుకోండి.

తర్వాత ఆల్టర్నేటరు సడలించి బెల్టు, ఫ్యాను, పుల్లీ, గొట్టాలు తీయల్ల. పంపు బోల్టులు అన్నీ ఒకే పొడుగుండవు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి ఏ బోల్టును ఆ తావులోనే గుచ్చండి. పొడుగుదాన్ని పొట్టి బెజ్జంలో బిగిస్తే ఇంజను బాడీనే పగలొచ్చు. తుప్పు పట్టినదానికి తుప్పు నూనె పోసి రోంతసేపు వదిలేయండి. తొందరపడి విరగ్గొడితే గంట పని రెండు దినాలయితాది.

పంపు అతుక్కోనుంటే రబ్బరు సుత్తితో తట్టండి, స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తొద్దు. ఆడ గీత పడితే కొత్త పంపు కూడా కారుతాది. బెజ్జంలో గుడ్డ పెట్టి పాత గ్యాస్కెట్టు పెచ్చులు నిమ్మళంగా గీకండి. కొత్త పంపును పాతదాని పక్కన పెట్టి రెక్కల సైజు, పుల్లీ ఎత్తు సరిపోతాయేమో కొలవండి, నకిలీ సామాను సగం ఆడనే దొరికిపోతాది. కొత్త గ్యాస్కెట్టు పెట్టి బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించల్ల. సిలికాన్ పేస్టు అన్నం మీద నెయ్యి మాదిరి పోసేటోళ్ళుంటారు. ఎక్కువైంది లోపలికి రాలి పోయి రేడియేటరులో అడ్డం పడతాది. కంపెనీ చెప్పిన తావులోనే, సన్నగా పెట్టండి.

ఇదే పనిలో థర్మోస్టాట్ పీకి పారేసేది మన షెడ్లలో పెద్ద అలవాటు. "మన ఎండకు అది ఎందుకన్నా" అంటారు. అది లేకపోతే ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతాది, లోపల అరుగుతాది. చెడిపోయుంటే కొత్తది వేయండి, తావు మాత్రం ఖాళీగా పెట్టొద్దు.

నీళ్ళు పోసేటప్పుడు బోరు కాడికి పోవద్దు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరూ, కూలెంటూ సగం సగం. డిస్టిల్డ్ దొరక్కపోతే ఊర్లో ఆర్వో ప్లాంటు క్యాను బోరు కంటే శానా మేలు. కూలెంటు చలిదేశాలోళ్ళకే అనుకోవద్దు, అది తుప్పును ఆపుతాది, ఉడికే డిగ్రీ పెంచుతాది. గాలి బుడగలు పోయేటట్లు నిదానంగా పోసి, మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. పైగొట్టం వేడెక్కేదాకా చూస్తా, తగ్గినంత కలపండి. తిరిగే ఫ్యాను కాడ చేతులు, తువ్వాలు జాగర్త. మర్సటి పొద్దున చల్లగున్నప్పుడు మట్టం మళ్ళీ చూడల్ల, వంద కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి.

తొట్టిలో పట్టిన పాత కూలెంటు వంకలోకి పారబోయొద్దు. అది తియ్యగుంటాది, విషం. కుక్కలు, గొర్రెపిల్లలు నాకితే చస్తాయి. మూతున్న డబ్బాలో పోసి షెడ్డువాళ్ళకియ్యండి, పిల్లోళ్ళకు అందనియ్యొద్దు.

పాత పంపును ఆ దినమే పాత ఇనుముకు వేయొద్దు. తిరగేసి చూడండి. రెక్కల మీద తెల్లపెచ్చు కట్టుంటే అది బోరు పని. రెక్కలు తుప్పుకు కరిగిపోయింటే ఇన్నాళ్ళు ఉత్తనీళ్ళు తాపినట్లు. రెక్కలు నున్నగుండి షాఫ్టు మాత్రమే ఊగుతాంటే బెల్టు అతిగా బిగించినారు. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా దిగల్ల. అది సరిచేయకుండా కొత్త పంపు పెడితే మళ్ళీ ఇదే పని చేయాల్సొస్తాది.