మెక్సికో వంటలో కూరగాయలు: పిండిపదార్థం తగ్గినా తగ్గని రుచి

మెక్సికో దేశపు భోజనమనగానే మనలో చాలామందికి స్ఫురించేది మొక్కజొన్న రొట్టె, దానిలో చుట్టిన మాంసం, పైన కరిగించిన చీజ్. నగరాలలోని హోటళ్ళు మనకు పరిచయం చేసిన రూపం అది. అమెరికా సంయుక్త రాష్ట్రాల సరిహద్దున పెరిగిన వంటకు అది దగ్గరగాని, మెక్సికో గృహిణి నిత్యమూ వండే వంట అంతా అందులో లేదు. ఆ దేశపు సంతలో ముళ్ళు చెక్కిన నాగజెముడు మట్టలు, లేత గుమ్మడి పిందెలు, గుమ్మడి పూలు, పలురకాల ఆకుకూరలు, పచ్చివీ ఎండువీ లెక్కకు మిక్కిలి మిరపకాయలు కుప్పలు పోసి ఉంటాయి. వీటిలో అధికభాగం పిండిపదార్థం అతి తక్కువగా గల శాకములే.

ఈ విషయం వట్టి కుతూహలం కొరకు చెప్పుట లేదు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో అంచనా వేసినది. మెక్సికోలోనూ ఆ వ్యాధి ప్రధాన మరణకారణాలలో ఒకటి. ఇంటిలో ఒకరికి ఈ వ్యాధి కనిపించగానే ఏమి జరుగుతున్నదో మనకు తెలియనిది కాదు. అన్నం తగ్గుతుంది, దానితోపాటు రుచి కూడ తగ్గుతుంది. ఉడికించిన కూరముక్కలు పళ్ళెంలో పెట్టి, ఇదే నీ భోజనమంటారు. నాలుగు వారాలు గడిచేసరికి రోగి ఆ పథ్యాన్ని విడిచిపెడతాడు. దోషం రోగిదని నేననుకోను. రుచి లేని పథ్యం నిలువదు.

మరి రుచి ఎక్కడ ఉన్నది? మెక్సికో వంటలో అది రొట్టెలో కంటె పెనం మీద, రోటిలో ఉన్నది. ‘కొమాల్’ అనే చదునైన పెనం మీద టొమాటోలు, పచ్చిమిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి, ఉల్లి చెక్కలు నూనె లేకుండా వేసి, పైన నల్లని మచ్చలు పడేవరకు కాలుస్తారు. తరువాత ‘మోల్కాహేతే’ అనే మూడుకాళ్ళ నల్లరాతి రోటిలో మొదట వెల్లుల్లిని ఉప్పుతో నూరి, పిదప మిరపకాయలు, కడపట టొమాటోలు వేసి మెదుపుతారు. ఈ వరుస మారితే టొమాటో రసంలో వెల్లుల్లి జారిపోయి నలగదు. రోటిపచ్చడి చేసిన చేతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇదే సాల్సా. దీనిని అట్లే తినవచ్చును. కూరకు ఆధారంగా వాడదలచినచో మూకుడులో నూనె బాగా కాగిన తరువాత ఒక్కసారిగా పోసి, రంగు ముదిరి చిక్కబడేవరకు వేయించాలి. పచ్చివాసన పోయి రుచి నిలిచేది ఈ వేయింపులోనే. స్పెయిన్ వారు వచ్చిన తరువాత ఆ దేశంలో పంది కొవ్వు వాడుక ప్రబలినది; అయితే అది ఈ వంటకు అత్యవసరం కాదు, నూనెతో ఏ లోపమూ రాదు.

ఇక నాగజెముడు. మెక్సికో జాతీయ పతాకం మీది గరుడపక్షి వాలినది ఈ జాతి మొక్క మీదనే. దాని లేత మట్టలను ‘నోపాల్’ అంటారు. నూరు గ్రాముల పచ్చి మట్టలో పిండి, చక్కెర, పీచు అన్నీ కలిపి సుమారు 3 గ్రాములు మాత్రమే. అందులోనూ అధికభాగం పీచు. ముళ్ళు చెక్కి, సన్నగా కోసి, ఉల్లిపాయ, ఉప్పు వేసిన నీటిలో ఉడికిస్తే బెండకాయకున్నట్టి జిగురు వదులుతుంది. ఆ నీరు వంపి, చల్లని నీటితో కడిగి, టొమాటో, ఉల్లి, కొత్తిమీర, పచ్చిమిర్చి తరుగుతో కలిపి, పైన తాజా పన్నీరు వంటి చీజ్ చిదిపి వేస్తారు. భోజనంతోపాటు నోపాల్ తిన్నపుడు రక్తంలోని చక్కెర అంతగా పెరుగలేదని 1980ల నుండి జరిగిన కొన్ని చిన్న పరిశోధనలలో తేలినది. అంతమాత్రాన దీనిని ఔషధమని చెప్పరాదు. అట్లే, మన చేల కంచెలలోని నాగజెముడును కోసుకొని వచ్చి ప్రయోగం చేయవద్దని మనవి. వారు కూరకు సాగుచేసే జాతి వేరు. ఇక్కడ ఈ వంటకాన్ని చేయదలచినవారు లేత గోరుచిక్కుడు కాయలతో చేసుకొనవచ్చును. జిగురుండదుగాని పులుపు, కారం, పచ్చి ఉల్లి కలిసిన ఆ స్వభావం నిలుస్తుంది.

‘రాహాస్’ అనగా చీలికలు. పొబ్లానో అనే పెద్ద మిరపకాయలను నేరుగా మంట మీద తోలు నల్లబడేదాక కాల్చి, మూతపెట్టిన గిన్నెలో కొంతసేపు ఆవిరికి మగ్గనిచ్చి, తోలు తీసి, నిలువుగా చీలుస్తారు. వంకాయను నిప్పుల మీద కాల్చి పచ్చడి చేసే మనకు ఇది పరాయి విద్య కాదు. ఉల్లిపాయ వేయించి, ఈ చీలికలు కలిపి, చివర కొంచెం మీగడ వేస్తే వంట పూర్తి అయినట్టే. పొబ్లానో మనకు దొరకదు గనుక బెంగుళూరు మిరపకాయలకు ఒకటి రెండు కారపు మిర్చి చేర్చి కాల్చవచ్చును. లేత గుమ్మడి పిందెలను టొమాటో, ఉల్లి, మిర్చితో మగ్గించేది మరొక కూర. దానిలో వారు మొక్కజొన్న గింజలు వేస్తారు, మనం మానివేస్తే చాలును. మనం బెంగుళూరు వంకాయ అని పిలిచే కాయ కూడ ఆ దేశపుదే. దాని మెక్సికో పేరు ‘చయోతే’.

అక్కడి రైతులు చేలలో దానంతట అది మొలిచే ఆకుకూరలను ‘కెలీతేస్’ అంటారు. వాటిలో తోటకూర జాతులున్నవి. గంగవాయిలి కూర కూడ వారి వంటలో ఉన్నది. మనం దానిని పప్పులో వేస్తాము, వారు పుల్లని పచ్చ సాల్సాలో ఉడికిస్తారు. ఆ సాల్సాకు మూలమైన తొమతీయో కాయ ఇక్కడ అరుదు. పచ్చి టొమాటోలు కాల్చి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ పులుపుకు చాలావరకు దగ్గరవుతుంది.

నాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ‘పిపియాన్’. పులుసు చిక్కబడుటకు వారు గుమ్మడి గింజలను వేయించి, కాల్చిన మిర్చి, పుల్లని కాయలతో నూరి కలుపుతారు. మైదాతోగాని మొక్కజొన్న పిండితోగాని పనిలేదు. ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. 16వ శతాబ్దంలో బెర్నార్దీనో ద సహాగూన్ అనే స్పెయిన్ మతాచార్యుడు స్థానికుల చేత నాహువా భాషలో వ్రాయించిన మహాగ్రంథంలో, సంతలో వంటకాలమ్మేవారి వద్ద మిరప, టొమాటో, గుమ్మడి గింజల పులుసులు ఉండేవని వర్ణన కలదు. హైదరాబాదీ మిర్చీకా సాలన్‌లో నువ్వులు, వేరుశనగలు, కొబ్బరి నూరి చింతపండు పులుసును చిక్కబరచుట ఇట్టిదే. రెండు దేశాల వంటవారు ఒకరినొకరు చూడకుండానే ఒకే ఉపాయానికి వచ్చినారు. సాలన్‌లోని మిరపకాయ మాత్రం మెక్సికో ప్రాంతంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఓడలలో మన తీరానికి చేరినది. గుంటూరు మిరపకు తాతముత్తాతలు ఆ దేశంవారే!

కొన్ని హెచ్చరికలు అవసరం. చిక్కుడు గింజలు, మొక్కజొన్న, చిలగడదుంప మెక్సికో భోజనంలో ముఖ్యమైనవే అయినా పిండిపదార్థం తక్కువైన వాటిలో చేరవు. బజారులో మెక్సికన్ మసాలా అని అమ్మే పొట్లాలు కొన్నింటిలో చక్కెర, పిండి కలిసి ఉంటాయి. వెనుకనున్న జాబితా చదువనిదే కొనరాదు. మన చేతికి అలవాటైనంత జీలకర్ర కూడ వేయవద్దు. వారు చిటికెడుతో సరిపెడతారు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇన్సులిన్‌గాని చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలుగాని వాడుతున్నవారు అన్నం, రొట్టె హఠాత్తుగా మానివేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మందు మోతాదు మార్చవలసి రావచ్చును గనుక ముందుగా వైద్యునితో మాట్లాడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కూడ ఇదే మాట.

రొట్టె లేని భోజనం మెక్సికో ముసలమ్మకు భోజనంలా తోచదు. సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న ఆ జాతికి వేల సంవత్సరాల తిండి; దానిని నిందించుట అవివేకం. 25 గ్రాముల చిన్న రొట్టెలో సుమారు 11 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. వైద్యుడు ఒప్పుకొన్నచో ఒక రొట్టెను లెక్కలో చేర్చుకొని, పళ్ళెంలో తక్కిన స్థలమంతా నోపాల్‌కు, రాహాస్‌కు, పిపియాన్‌కు ఇవ్వవచ్చును.