ఎండకు అడ్డుగా మట్టి మేడ

శుక్రవారం వస్తే రియాద్‌లోని తెలుగువాళ్లు చాలామంది బత్హా చేరతారు. ఊరివాళ్ల పలకరింపులు, ఇంటికి కావలసిన సరుకులు అన్నీ అక్కడే. అక్కడి నుంచి ఉత్తరంగా కొంతదూరం వెళ్తే, కాంక్రీటు భవనాల నడుమ గోధుమరంగు మట్టి గోడలు కనిపిస్తాయి. అదే మురబ్బా ప్యాలెస్, సౌదీ అరేబియాను ఏకం చేసిన రాజు అబ్దుల్ అజీజ్ నివాసం.

1902లో ఆయన మస్మక్ కోటను గెలుచుకునేనాటికి రియాద్ అంతా ప్రాకారం లోపలే ఉండేది. రాజ్యం కుదుటపడ్డాక ప్రాకారం దాటి ఇల్లు కట్టించుకున్నారు. 1936లో పని మొదలైంది, 1938లో కుటుంబం గృహప్రవేశం చేసింది. మస్మక్‌కు రెండు కిలోమీటర్ల లోపే ఉన్నా, ఆ రోజుల్లో అది ఊరవతలి ఇల్లే. ఇబ్న్ ఖబ్బా అనే పెద్దమేస్త్రీ ఆధ్వర్యంలో స్థానిక పనివాళ్లే దీన్ని కట్టారు.

దూలాలు, మట్టలు, మట్టి

గడ్డి కలిపి తొక్కిన మట్టిని అచ్చుపోసి ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో గోడలు లేపారు. కప్పుకు అథ్ల్ అనే ఎడారి చెట్టు దూలాలు వేసి, వాటిమీద ఖర్జూరపు మట్టలు పరిచి, పైన మట్టి దట్టించారు. రాయలసీమ మట్టిమిద్దెలో పెరిగినవాళ్లు తలెత్తి చూస్తే దూలాలు, దంతెలు, చవుడు మట్టి గుర్తుకొస్తాయి. తలుపులు ఇంకా అందం. చెక్క పలకల మీద రంగులతో గీసిన గీతలు, చుక్కలు, త్రికోణాలు చూస్తే ఎవరో తీరిగ్గా ముగ్గులు పెట్టినట్టుంటాయి.

నలుచదరపు మేడకు నడుమ మండువా, దాని చుట్టూ స్తంభాల వసారా. కింద కాపలాదార్లు, కచేరీ గదులు. పైన రాజు అతిథులను కలిసే మజ్లిస్. పగటి వేడిని మందపాటి గోడలు పీల్చుకుంటాయి. అది లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. రాత్రి చల్లగాలి మండువాలోకి దిగుతుంది. గోడల్లోని చిన్న త్రికోణపు కంతలు గాలి ఆడేలా చేస్తాయి, ఎండను మాత్రం రానివ్వవు.

ఇంగ్లండులో ఇలా

మురబ్బాకు ఒక తరం ముందు ఇంగ్లండులో సంపన్నులు పల్లెల్లో పెద్ద ఇళ్లు కట్టించుకున్నారు. వాటికి పేరుమోసిన వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియెన్స్. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్, మన నిజాం కోసం హైదరాబాద్ హౌస్ రూపొందించింది ఆయనే. 1901లో సోనింగ్ గ్రామంలో ఆయన పూర్తిచేసిన డీనరీ గార్డెన్ ఎర్ర ఇటుక, ఓక్ చెక్కల ఇల్లు. తోటవైపు నిలువెత్తు కిటికీ ఉంటుంది. అక్కడ ఎండ అపురూపం, దాన్ని లోపలికి పిలవాలి. రియాద్‌లో అదే ఎండను గుమ్మం బయటే ఆపాలి. అవసరాలు వేరైనా రెండుచోట్లా నమ్మింది నేల ఇచ్చిన సరుకునే, చేయి తిరిగిన పనివాళ్లనే.

ఆకాశాన్ని పట్టించుకోకపోతే ఎంతటి శిల్పికైనా తిప్పలు తప్పవు. డెవన్‌లో 1911 నుంచి 1930 దాకా లుటియెన్స్ కట్టిన కాజిల్ డ్రోగోకు గ్రానైటు గోడలు, చదును కప్పు. వానల సీమలో ఆ కప్పు దశాబ్దాలపాటు కారుతూనే ఉంది. ఏడాదికి సుమారు పది సెంటీమీటర్ల వానే కురిసే రియాద్‌లో అదే చదును కప్పు వేసవి రాత్రుల్లో పడకటిల్లయ్యేది.

సిమెంటు వచ్చాక

1940లలో మురబ్బాకు దగ్గర్లోనే సిమెంటు, ఇనుముతో ఎర్ర ప్యాలెస్ లేచింది. ఆ తర్వాత నగరం మట్టిని వదిలేసింది. మట్టి గోడకు వాన వెలిశాక పూత వేస్తూ ఉండాలి, ఆ ఓపిక తగ్గింది. మురబ్బాను మాత్రం బాగుచేసి, 1999లో ప్రారంభించిన కింగ్ అబ్దుల్ అజీజ్ హిస్టారికల్ సెంటర్‌లో భాగం చేశారు. మెట్రో గ్రీన్ లైన్‌లో నేషనల్ మ్యూజియం స్టేషన్‌లో దిగితే చాలు.

గల్ఫ్ సంపాదనతో మన ఊళ్లలో ఏటా ఎన్నో ఇళ్లు లేస్తున్నాయి. పాత మిద్దె పడగొట్టి పలుచటి గోడలు, ఉత్త స్లాబు వేసి, ఆ వేడికి ఏసీలు బిగిస్తున్నాం. మళ్లీ మట్టితోనే కట్టమని అనడం లేదు. మేస్త్రీతో బేరం కుదుర్చుకునే ముందు పడమటి గోడ మందం గురించి, నడుమ మండువా గురించి, వేడిగాలి బయటికిపోయే దారి గురించి అడగాలి. కడప, అనంతపురం ఎండలకు ఆ మూడూ ఇప్పటికీ పనికొచ్చేవే.