కల్లు పులుపు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మిత్రులు కూడి త్రాగు కల్లు ఉదయము తియ్యగా, సాయంత్రమునకు పుల్లగా ఉండుటకు కారణమేమి?

తాటి గెలనుండి కారు నీరాలో నూటికి సుమారు 10–12 పాళ్లు చక్కెర కలదు. కుండకు అంటియున్న ఈస్టు, కొన్ని బాక్టీరియాలు (వీటిని ఎవరును కలుపనక్కరలేదు) దానిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నురుగు ఆ వాయువు వలననే. పిమ్మట లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లములు పుట్టి పులుపు హెచ్చును. కుండలోపల సున్నము పూసినచో ఈ మార్పు చాలవరకు ఆగును.

స్కాచ్ విస్కీలోని పొగవాసన కథ వేరు. మొలకెత్తిన బార్లీని పీట్ పొగపై ఆరబెట్టునపుడు ఫినాలులు గింజకు పట్టును. స్వేదనము చేసినను కొంత నిలుచును.

అయితే కల్తీ కల్లులో పట్టుబడిన ఆల్ప్రజోలాము విషయమున నాలుకను నమ్మరాదు. ప్రయోగశాల పరీక్షయే తేల్చవలెను. ఆల్కహాలుతో కలిసి అది శ్వాసను మందగింపజేయును. అలవాటుపడినవారు హఠాత్తుగా మానినను మూర్ఛలు రావచ్చును. వారిని వైద్యునికి చూపవలెను.