చవక చొక్కా వెనుక ఎవరి చెమట?

రంజాన్ చివరి పది రోజుల్లో కావలి ట్రంకు రోడ్డు మీద నడవడమే కష్టం. తరావీహ్ నమాజు ముగియగానే కుటుంబాలన్నీ బట్టల దుకాణాలకు బయలుదేరతాయి. ఒకచోట 300 రూపాయల చొక్కా, మరోచోట 900 రూపాయల చేనేత చొక్కా ఉన్నాయనుకుందాం. ముగ్గురు పిల్లల తండ్రి ఏది కొనాలి? మూడు రెట్లు పెట్టడం దుబారా కాదా? చాలామంది అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే. తినండి, తాగండి, మితిమీరకండి అన్నది దివ్య ఖుర్ఆన్ బోధ. ఆ బోధ వచ్చిన చోటే, నమాజు వేళ చక్కని దుస్తులు ధరించమన్న ఆదేశమూ ఉంది. కనుక మంచి బట్ట వేరు, దుబారా వేరు.

మన్నిక లెక్క

300 రూపాయల చొక్కా 30 సార్లు వేసుకునేసరికి రంగు వెలిసి, కుట్లు ఊడితే, వేసుకున్న ప్రతిసారీ 10 రూపాయలు ఖర్చయినట్టు. 900 రూపాయల చొక్కా 120 సార్లు వస్తే ఏడున్నర రూపాయలే. అదే చొక్కా 60 సార్లకే చిరిగితే 15 రూపాయలు పడుతుంది. ఖరీదైనది కాబట్టి మన్నుతుందని నమ్మడం పొరపాటు. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి నేత దట్టంగా ఉందో లేదో చూడాలి. కుట్టు దగ్గర రెండు వైపులా మెల్లగా లాగి చూడాలి. లోపలి మడతలో గుడ్డ వదిలారో లేదో గమనించాలి.

ఎదిగే పిల్లల సంగతి వేరు. బట్ట చిరగకముందే బిగుతైపోతుంది. తమ్ముడికో, చెల్లికో, బంధువుల బిడ్డకో అందించే ఏర్పాటు ఉంటేనే పిల్లలకు ఖరీదైన బట్ట కొనడంలో అర్థముంది.

మజూరి లెక్క

ఇది మన జేబు లెక్క. ఇంకో లెక్క ఉంది. పత్తి దుకాణంలో చొక్కాగా వేలాడే లోపు ఎన్నో చేతులు మారుతుంది. మన దూదేకుల సోదరుల తాతముత్తాతలు విల్లుతో దూది ఏకి జీవించినవారే. నెల్లూరు దగ్గరి పాటూరులో, దక్షిణాన వెంకటగిరిలో, ఒంగోలు దాటితే చీరాలలో గుంట మగ్గాల మీద నేసే కుటుంబాలున్నాయి. భర్త మగ్గం మీద కూర్చుంటే భార్య కండెలు చుడుతుంది. 1991లో నూలు ధరలు పెరిగినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతన్నల ఆకలిచావులు పత్రికలకెక్కాయి.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన, సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలింది. అందులోని దుస్తుల కర్మాగారాల్లో పనిచేస్తున్న 1,134 మంది మరణించారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టు కార్మికులను మాత్రం పనికి రమ్మన్నారు. మృతుల్లో అత్యధికులు మన సోదరీమణులే. వారు కుట్టింది చౌకరకం బట్టలు మాత్రమే కాదు, యూరప్, అమెరికాల్లో పేరున్న కంపెనీల బట్టలు కూడా. కాబట్టి ధర ఎక్కువైనంత మాత్రాన ఆ డబ్బు కార్మికుడికి చేరిందనుకోలేం. మన దేశంలో 2006 నుంచి ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్ సైతం బట్ట చేతిమగ్గం మీద నేసిందని చెబుతుందే గాని, నేతన్నకు ఎంత ముట్టిందో చెప్పదు. సహకార సంఘంలోనో, ఆప్కోలోనో కొంటే నేతన్నకూ మనకూ మధ్య చేతులు తగ్గుతాయి. అడిగి కొనడం మన బాధ్యత.

శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకుని వేతనం ఇవ్వనివాడికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని సహీహ్ బుఖారీలోని హదీసు హెచ్చరిస్తోంది. "నేతన్నను పనిలో పెట్టుకున్నది మేము కాదు కదా" అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ మన వీధిలోని టైలరును పనిలో పెట్టుకునేది మనమే.

మా తప్పు

ఈ విషయంలో మేమూ తప్పు చేశాం. ఒక రంజాన్‌లో బట్టలు కుట్టించుకుని, "డబ్బులు పండుగయ్యాక ఇస్తాం భాయ్" అని తెచ్చేసుకున్నాం. సహరీ వేళదాకా మిషను తొక్కిన ఆయన "అలాగే భాయ్" అన్నారు. ఈద్‌గాలో మా పిల్లలు కొత్త జతలతో నిలబడితే, పక్క వరుసలో ఆయన పిల్లలు పాత బట్టలతో నిలబడ్డారు. ముసాఫహా కోసం ఆయన చేయి చాపినప్పుడు మాకు తల ఎత్త బుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే కుట్టుకూలి ఇచ్చి వచ్చాం. కాని పండుగ అయిపోయింది. అప్పటి నుంచి బట్టలు చేతికందేలోపే డబ్బు ఇచ్చేస్తున్నాం.

మరి ఏం చేయాలి?

స్తోమత ఉన్నవారు మూడు జతలకు బదులు ఒక జత కొనండి, కాని మన్నే బట్ట, అడిగి తెలుసుకున్న బట్ట కొనండి. అది దుబారా కాదు. బీరువాలో నాలుగు జతలు మడిచి ఉండగా, చవగ్గా వచ్చిందని ఐదోది తేవడమే దుబారా. మన్నిన బట్టను ఇంకా బాగుండగానే పేదలకు సదఖాగా ఇవ్వవచ్చు. చేతిలో 300 రూపాయలే ఉన్నవారిపై ఏ నిందా లేదు. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడు. పండుగ బట్టల కోసం వడ్డీకి అప్పు చేయవద్దు. పండుగనాడు గుసుల్ చేసి, ఉన్నవాటిలో మంచివి, శుభ్రమైనవి ధరించినా చాలు. మహాప్రవక్త (స) తన దుస్తులు తానే కుట్టుకునేవారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండి కూడా అతుకుల బట్టలు ధరించారు.

ఈ పండుగకు కొత్త బట్ట వేసుకునే ముందు ఒక్క మాట గుర్తుంచుకుందాం. టైలరు బాకీ ఉంటే ముందు అది తీర్చుదాం. ఇతరుల హక్కు మన ఒంటి మీద ఉండకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.