తాళం చూసి తాళంచెవి

మా అమ్మాయి మెడిసిన్ వద్దు, ప్రొటీన్ల రూపాలు చదువుతానంది. “దాంతో ఎవరి జబ్బు నయమవుతుందమ్మా?” అన్నాను. జవాబు నేను రోజూ రాసిచ్చే మందులోనే ఉందని తర్వాత తెలిసింది.

ఆక్స్‌ఫర్డులో డొరొతీ హాడ్జ్‌కిన్ గారు ఇన్సులిన్ స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో ఫోటో తీసింది 1935లో. దాని రూపం తేలింది 1969లో. ఆ బృందంలో టామ్ బ్లండెల్ అనే యువకుడూ, మన దేశం నుంచి వెళ్ళిన ఎం. విజయన్ గారూ ఉన్నారు. ఆరు ఇన్సులిన్ అణువులు జింకుతో కలిసి గుత్తిగా ఎలా చేరతాయో అప్పుడు కళ్ళకు కట్టింది. సూది వేశాక ఆ గుత్తి విడిపోతేగాని మందు పని చెయ్యదు. త్వరగా విడిపోయేలా మార్చిన లిస్‌ప్రో 1996లో వచ్చింది. భోజనానికి అరగంట ముందే సూది వేసుకునే అవస్థ దాంతో తప్పింది.

బ్లండెల్ గారు అక్కడితో ఆగలేదు. 1999లో కేంబ్రిడ్జిలో మరి ఇద్దరితో కలిసి ఆస్టెక్స్ కంపెనీ స్థాపించారు. జబ్బుకు మూలమైన ప్రొటీను తాళం అనుకోండి. చిన్న చిన్న అణువులను దాని స్ఫటికంలోకి పంపి, ఏది ఎక్కడ అతుక్కుందో ఎక్స్‌రేలతో చూస్తారు. అతుక్కున్న ముక్కనే పెంచుకుంటూ పోయి తాళంచెవి తయారుచేస్తారు. అలా మొదలైన ఎర్డాఫిటినిబ్‌కు మూత్రాశయ క్యాన్సరు మందుగా 2019లో అమెరికాలో అనుమతి లభించింది. కంపెనీ పెట్టిన ఇరవై ఏళ్ళకు!

ఇంత ఓపిక కావలసిన చదువు మా అమ్మాయి తనంతట తానే కోరుకుంది. ఈ దసరాకు సరస్వతీ పూజలో నా స్టెతస్కోపు పక్కన దాని ప్రొటీన్ల పుస్తకమూ పెట్టాం.