మీసాలొచ్చేదాకా ప్రహ్లాదుడే

రాత్రి ఒంటిగంటన్నర. ప్రహ్లాదుడు నిద్రపోతున్నాడు.

తెర వెనక నాలుగు వడ్ల బస్తాలు పక్కపక్కన వేసి, వాటి మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. కిరీటం తీయలేదు. తీస్తే మళ్లీ పిన్నులు గుచ్చి నిలబెట్టడానికి పావుగంట పడుతుంది. అందుకని వాళ్లమ్మ వాడి మెడ కింద చెయ్యి పెట్టి, కిరీటం ఒరిగిపోకుండా పట్టుకుని కూర్చుంది. మొహానికి పూసిన రంగు చెమటకి కరిగి చెవి వెనక్కి దిగింది. అవతల వేదిక మీద హిరణ్యకశిపుడు గద నేలకేసి కొట్టినప్పుడల్లా బల్లలు అదురుతున్నాయి. వీడు మాత్రం కదల్లేదు.

తెర లాగే కుర్రాడు తల లోపలికి పెట్టి, “లేపండక్కా, ఇంకొక్క పద్యమే ఉంది” అన్నాడు.

ఆమె తడిగుడ్డతో రంగు చెదరకుండా కళ్లు మాత్రమే అద్దింది. బుగ్గలో ఉన్న కరక్కాయ ముక్కని వేలితో తీసేసింది. గోరువెచ్చని నీళ్లు ఒక్క గుక్క పట్టించింది.

“అమ్మా, ఏ సీను?”

“పాముల సీను నాన్నా.”

అంతే. వాడు లేచి, పంచె సర్దుకుని, ఆవలిస్తూనే వెళ్లి సైడ్ వింగ్ పక్కన నిలబడ్డాడు. హార్మోనియం శ్రుతి అందించింది. ఆ ఆవలింత ఎక్కడ ఆగిందో, పద్యం ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. పదకొండేళ్ల గొంతు. మైకు లేకపోయినా కాలవ గట్టుదాకా వినపడేటట్టుంది.

ఇది కోనసీమలోనో తెనాలిలోనో చూసింది కాదు. కర్ణాటకలో, రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, శ్రీరామనవమికి ఒక క్యాంపు రామాలయం ముందు చూశాను. ‘క్యాంపు’ అంటే అక్కడ ఊరనే అర్థం. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్లు వదలడం మొదలయ్యాక, ఎడమ కాలవ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు బళ్లు కట్టుకుని వచ్చారు. గుడిసెలు వేసుకుని, తుప్పలు నరికి, మళ్లు కట్టారు. గుడిసెలు మేడలయ్యాయి, పేరు మాత్రం క్యాంపుగానే మిగిలిపోయింది. వచ్చినవాళ్లు వరి నారుతోబాటు సంక్రాంతి పందేలూ, ఆవకాయ జాడీలూ, పద్యనాటకమూ తెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. ప్రహ్లాదుడు బనీనుతో అరుగు మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. మొహం కడిగినా చెవుల దగ్గర రంగు వదల్లేదు. పక్కన ఒక నోటుపుస్తకం ఉంది. తీసి చూశాను. పోతన పద్యాలు, నాటకం పద్యాలు, మధ్యమధ్య వచనం, అన్నీ చక్కటి గుండ్రటి అక్షరాల్లో. కన్నడ అక్షరాల్లో.

“వీడికి తెలుగు రాయడం రాదండీ. చదివేది కన్నడ బడి కదా. నేను చెబుతుంటే వాడికొచ్చిన లిపిలో రాసుకున్నాడు” అన్నాడు తాత.

“మరి అర్థం తెలుసా?” అని పిల్లవాణ్ణి అడిగాను.

“హౌదు అంకుల్. కొన్ని తెలుసు. మిగతావి తాతయ్యకి తెలుసు” అన్నాడు.

ఇంతకన్నా నిజాయతీగా పెద్ద నటులు కూడా జవాబు చెప్పరు.

నదికి అవతల రాసిన నాటకం

ఆ నోటుపుస్తకాన్ని చూసి ముక్కున వేలేసుకోవలసిన పని లేదు. తెలుగు వేదిక మీది ప్రహ్లాదుడు పుట్టింది అసలు ఈ సరిహద్దులోనే. సింధనూరు నుంచి దక్షిణంగా తుంగభద్ర దాటితే బళ్లారి జిల్లా. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో వకీలు. సరసవినోదినీ సభ పెట్టి, నాటకంలో వచనం పక్కన పద్యాన్నీ పాటనీ రాగం కట్టి నిలబెట్టినవాడు. ఆయనకు ముందు ధార్వాడ నాటక సమాజం వాళ్లు తెలుగు ఊళ్లు తిరిగారు. రాజమండ్రిలో వాళ్లు వదిలిపోయిన పందిట్లోనే కందుకూరి వీరేశలింగం తన నాటకాలాడించాడని చెబుతారు. బొంబాయి నుంచి వచ్చే రైలు మార్గమూ, మద్రాసు నుంచి వచ్చే మార్గమూ 1871లో కలిసింది రాయచూరులోనే. ఆ స్టేషన్లో ఎన్ని కంపెనీల తెరలు, పెట్టెలు, హార్మోనియాలు బండి మారి ఉంటాయో ఊహించుకోవడం నాకు సరదా.

ధర్మవరం వారి ప్రహ్లాద నాటకాన్ని సురభి వాళ్లు ఊరూరా ఆడారు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకి, 1932 ఫిబ్రవరి 6న, అదే నాటకం తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ అయింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే తొమ్మిదేళ్ల కుర్రాడు. తెలుగు సినిమా నోరు తెరిచినప్పుడు పెద్ద వేషం ఒక పిల్లవాడిది. అప్పటికి ప్లేబ్యాక్ లేదు, ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి.

ప్లేబ్యాక్ వచ్చాక సంగతి మారింది. 1963 ‘లవకుశ’లో కుశలవులు పెదవులు కదిపారు, పాడింది లీల, సుశీల. 1967 ‘భక్త ప్రహ్లాద’లో రోజారమణి కళ్లు నమ్మించాయి, పాట మాత్రం పెద్దవాళ్లది. ఎంత గొప్పగా ఉన్నా అది ఇద్దరు మనుషులు కలిసి చేసిన పని. వేదిక మీద అలా కుదరదు. అభినయించే మొహమూ, పాడే గొంతూ, నిద్ర ఆపుకునే ఒళ్లూ ఒక్కటే.

రంగస్థలమే పురిటి గది

పిల్లల వేషాల గురించి మాట్లాడుతూ సురభిని దాటిపోలేం. 1885లో కడప దగ్గర సురభి గ్రామంలో ఒక పెళ్లికి వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించాడు. తోలుబొమ్మలాడించే కుటుంబాలు బొమ్మలు పక్కన పెట్టి తామే వేషాలు కట్టాయి. అక్కడి నుంచి కుటుంబమే కంపెనీ, కంపెనీయే కుటుంబం. కమలాబాయి పుట్టింది నాటకం మధ్యలోనే. 1907లో తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చాయి. తెర దించారు. లోపల పసిబిడ్డ ఏడుపు. సంగతి తెలిసిన జనం వేదిక మీదికి డబ్బులు విసిరారట. ఆ బిడ్డే కాస్త ఎదిగి కృష్ణుడు, ప్రహ్లాదుడు వేసింది.

సురభిలో పిల్లలకి నాటకం ‘నేర్పడం’ అంటూ విడిగా ఉండదు. ఉయ్యాలలో ఉన్నప్పుడు బాలకృష్ణుడు, నడక వస్తే వెన్నదొంగ, గొంతు విచ్చుకుంటే ప్రహ్లాదుడో లవుడో కుశుడో. ‘బాలనాగమ్మ’లో తల్లిని మాయల ఫకీరు చెర నుంచి విడిపించే బాలవర్ధిరాజయితే సాక్షాత్తూ కథానాయకుడు. పెద్దల నాటకంలో పిల్లవాడికి ముచ్చటకి ఒక సీను ఇవ్వడం వేరు, కథ బరువంతా వాడి భుజం మీద పెట్టడం వేరు. మన పురాణ నాటకాలు రెండోది చేశాయి. నారసింహుడు చివర్లో వస్తాడు. అప్పటిదాకా హిరణ్యకశిపుడి అరుపులకి ఎదురు నిలిచేది ఆ చిన్న గొంతొక్కటే. అది అపశ్రుతి పలికిందా, స్తంభం పగిలినా జనానికి ఏమీ కాదు.

ఇక్కడొక తిరకాసు ఉంది. మగపిల్లల గొంతు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మారుతుంది. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు సాగి, శ్రుతి ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది గానీ రెండు మూడు మెట్లకు మించి దిగదు. వేదిక మీద కృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా ఆడపిల్లలు అంతమంది కనిపించడానికి అందచందాలొక్కటే కారణమనుకోను. ఐదున్నర శ్రుతికి హార్మోనియం పెట్టుకున్నాక నడిమధ్యలో మోసం చెయ్యని గొంతు కావాలి కదా. నటి ఋష్యేంద్రమణి ఏడేళ్ల వయసులో మగపిల్లల వేషాలతోనే రంగం ఎక్కింది.

తమిళనాట ఈ సమస్య మీద ఏకంగా ఒక వ్యవస్థే నడిచింది. శంకరదాస్ స్వామి 1918లో మదురైలో బాలుర నాటక సభ పెట్టాడు. టి.కె.ఎస్. సోదరులు అందులో పెరిగారు. ఎం.జి.ఆర్. మరో బాయ్స్ కంపెనీలో అన్నం తిన్నాడు. గొంతు పగలడానికి వాళ్లు ‘మకరక్కట్టు’ అని పేరు పెట్టుకున్నారు. అది వచ్చిందంటే నిన్నటిదాకా హారతులందుకున్న రాజకుమారుడు కూడా తెర వెనక పనికి పోవలసిందే.

కన్నడ దేశంలో హిందుస్తానీ దిగ్గజాలనిపించుకున్న మల్లికార్జున మన్సూర్, బసవరాజ రాజగురు ఇద్దరూ చిన్నప్పుడు నాటక కంపెనీల్లో వేషాలు కట్టినవాళ్లే. రాయచూరు పట్టణంలో రంగమందిరానికి పెట్టిన పేరూ ఒక గాయకుడిదే, పండిత సిద్ధరామ జంబలదిన్ని.

మనవైపు గొంతు మార్పు దాటి గట్టెక్కినవాళ్లలో నాకు ఇష్టమైనది ఈలపాట రఘురామయ్య కథ. గుంటూరు జిల్లా సుద్దపల్లి కుర్రాడు, అసలు పేరు కల్యాణం వెంకటసుబ్బయ్య. ఎనిమిదేళ్లకే వేషం కట్టాడు. ‘రామదాసు’ నాటకంలో రఘురాముడిగా అతన్ని చూసి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ‘రఘురామయ్య’ అని పిలిచారు. చిన్ననాటి వేషమే జీవితాంతం పేరయింది. గొంతు మారింది, పాట నిలిచింది, దానికి తోడు వేలు నోట్లో పెట్టి ఈల నేర్చాడు. ఏ గొంతు పగిలినా ఈల పగలదు గదా!

వన్స్ మోర్

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. పాముల సీనులో పద్యం అయింది. రాగం తీశాడు. తీసి, తీసి, ఊపిరి చివరంచు దాకా తీశాడు. ఎవరో ‘వన్స్ మోర్’ అన్నారు. మళ్లీ పాడాడు. మైకులో “ఫలానావారు చిరంజీవి ప్రహ్లాదుడికి నూటపదహార్లు” అని చదివారు. ఇంకోమూల నుంచి మళ్లీ వన్స్ మోర్. ముచ్చటగా మూడోసారి. ఈసారి పైస్థాయి అందుకునేటప్పుడు మెడ నరాలు ఉబ్బడం ముందు వరసలో ఉన్న నాకు కనపడింది. హార్మోనిస్టు మాస్టారు పసిగట్టి, వాడు పాడవలసిన పై సంగతిని తనే వాయించేసి కిందికి దింపాడు. జనం గమనించలేదు. రెండోసారి వన్స్ మోర్ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇలాంటి పిల్లల కోసం చట్టం లేకపోలేదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు వినోదరంగంలో బాల కళాకారులకి మినహాయింపు ఇచ్చారు, చదువు చెడకూడదన్న షరతుతో. 2017 నాటి నియమాల ప్రకారం రోజుకి ఐదు గంటలకి మించి పని ఉండకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వచ్చిన దాంట్లో కనీసం ఇరవై శాతం బిడ్డ పేరున బ్యాంకులో వెయ్యాలి. సినిమా వాళ్లనీ టీవీ వాళ్లనీ చూసి రాసిన లెక్కలివి. ఊరి రామాలయం ముందు మేనమామే హిరణ్యకశిపుడు, తాతే గురువు, అమ్మే మేకప్పు. అక్కడ వాడి గొంతుకు కాపలా ఎవరు? ఆ రాత్రి హార్మోనిస్టు కాశాడు. మరో రాత్రి మరో మాస్టారుకి ఆ చెవి ఉండకపోవచ్చు.

లండన్లో, న్యూయార్కులో పిల్లలు నాయక పాత్రలు పాడే సంగీత నాటకాలు ఏళ్ల తరబడి ఆడతాయి. వాళ్ల పద్ధతి వేరు: ఒకే వేషానికి ముగ్గురు నలుగురు పిల్లల్ని తయారుచేసి వంతుల మీద ఎక్కిస్తారు. ‘బిల్లీ ఎలియట్’ వేసిన ముగ్గురు కుర్రాళ్లకి 2009లో టోనీ ఉత్తమ నటుడి బహుమతి కలిపి ఇచ్చారు. 2012లో ‘మటిల్డా’ నలుగురమ్మాయిలు ఆలివియర్ అవార్డు పంచుకున్నారు, అందులో ఒకరికి పదేళ్లే. ఈ సంగతి తాతకి చెబితే నవ్వాడు. “నలుగురు ప్రహ్లాదులా! ఒక్కణ్ణి పట్టుకోడానికే క్యాంపంతా గాలించాం. మిగతావాళ్లు ఫోన్లలో ఉన్నారు” అన్నాడు. నిజమే. కానీ ఇద్దరైనా ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మళ్లీ ఆ దారిన వెళ్లింది రెండేళ్లకి. రెండో పంట కోతలు నడుస్తున్నాయి, గాలి నిండా నూగు. ప్రహ్లాదుడు గుర్తుపట్టలేనంత ఎదిగాడు. పై పెదవి మీద నల్లగా గీత పడింది. “బాగున్నారా అంకుల్” అన్నాడు. మొదటి మాట కింద పలికింది, రెండోది పైకి జారింది. వాడే సిగ్గుపడ్డాడు.

అరుగు మీద వాళ్ల చెల్లెలు, తొమ్మిదేళ్లుంటాయి, హార్మోనియం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తాత తిత్తి నొక్కుతున్నాడు. అదే నోటుపుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కుట్టారు. పిల్లకి కొన్ని ఒత్తులు తడబడుతున్నాయి, అన్న పక్కన కూర్చుని చదివి చెబుతున్నాడు. పద్యం పైకి ఎక్కే చోటికి వచ్చేసరికి అలవాటు చొప్పున తనూ అందుకున్నాడు. గొంతు నడిమధ్యలో జీరపోయింది. ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. చెల్లెలు కిసుక్కున నవ్వి, ఆగినచోట నుంచి ఆ సంగతి పైకెత్తి పూర్తిచేసింది.

“అది నేను పాడతాలే అన్నయ్యా. నువ్వు పేజీ తిప్పు” అంది.