డిస్కుల ఉమ్మడి ఖాతా: ఇంటి సర్వర్ మొరాయిస్తే ముందు ఏం చేయాలి?

పెళ్లి ఫొటోలు, బారసాల వీడియోలు, తాతయ్యల నాటి ఆల్బమ్‌ల స్కాన్‌లు, ఇంటి దస్తావేజుల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు. వీటన్నిటినీ ఒకేచోట భద్రపరచడానికి మన కుటుంబాల్లో కొందరు ఇంట్లోనే చిన్న సర్వర్ పెట్టుకుంటున్నారు. కొందరు అందుకోసమే తయారైన పెట్టెను కొంటారు. మరికొందరు పాత డెస్క్‌టాప్‌లో మూడు నాలుగు హార్డ్ డిస్కులు బిగిస్తారు. చాలాసార్లు దీన్ని అమర్చేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయో అమ్మాయో. తర్వాత వాళ్లు బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్లిపోతారు. ఎర్రలైటు వెలిగిన రోజు ఇంట్లో ఉండేది మనమే.

ఈ వ్యాసం అలాంటి రోజు కోసం. ముందే చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఇలాంటి సందర్భాల్లో చెడిపోయిన డిస్కు కంటే, కంగారులో నొక్కిన బటన్ చేసే నష్టమే తరచు ఎక్కువ.

పూల్ అంటే ఏమిటి?

విడివిడి డిస్కులను కలిపి ఒకే పెద్ద డ్రైవ్‌లా చూపించే ఏర్పాటును పూల్ అంటారు. ఖాతాదారు చేతిలో ఒకే పాస్‌బుక్ ఉంటుంది, వెనుక మాత్రం మూడు నాలుగు లెడ్జర్లు ఉంటాయి అనుకోండి. ఏ ఫైలు ఏ డిస్కులోకి వెళ్లాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. చౌక డిస్కులను కలిపి పెద్ద ఖరీదైన డిస్కు పని చేయించవచ్చని వివరిస్తూ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ఒక పత్రం రాశారు. 'రెయిడ్' అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఇళ్లలో కనిపించే పూల్‌లు ముఖ్యంగా మూడు రకాలు. మీది ఏ రకమో ఇప్పుడే కనుక్కొని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మందు రోగాన్ని బట్టి మారినట్లే, ఇక్కడ చికిత్స పూల్ రకాన్ని బట్టి మారుతుంది.

మొదటిది, ఊరికే కలిపినది. విండోస్‌లో డ్రైవ్‌పూల్, లైనక్స్‌లో మెర్జర్‌ఎఫ్ఎస్ ఇలా పనిచేస్తాయి. ప్రతి ఫైలూ ఏదో ఒక డిస్కులో పూర్తిగా ఉంటుంది. ఒక డిస్కు పోతే అందులోనివే పోతాయి. మిగిలిన డిస్కులను తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి. డ్రైవ్‌పూల్ అయితే అవి 'పూల్‌పార్ట్' అనే పేరుతో మొదలయ్యే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి.

రెండోది, మిర్రర్. ఒకే ఫైలు రెండు డిస్కుల్లో ఉంటుంది. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. సగం స్థలం ఇందుకే ఖర్చవుతుంది.

మూడోది, ప్యారిటీ. దీన్ని మన కూడికతో అర్థం చేసుకోవచ్చు. మొదటి డిస్కులో 7, రెండో డిస్కులో 5, మూడో డిస్కులో వాటి మొత్తం 12 రాశాం అనుకోండి. రెండో డిస్కు పోతే, 12 లోంచి 7 తీసేసి 5 తిరిగి రాబట్టవచ్చు. అసలు లెక్క వేరే పద్ధతిలో జరుగుతుంది కానీ సూత్రం ఇదే. రెయిడ్ 5 ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రెయిడ్ 6 రెండు పోయినా తట్టుకుంటుంది. ఈ రకంలో ఫైళ్లు ముక్కలుగా అన్ని డిస్కుల్లో పరచుకుని ఉంటాయి కాబట్టి, ఒక్క డిస్కును విడిగా తీసి చూస్తే ఏమీ అర్థం కాదు.

ముందు ఆగండి

పూల్ తెరుచుకోనప్పుడు తెర మీద రకరకాల సందేశాలు వస్తాయి. వాటిలో మూడింటికి 'అవును' అనకండి.

మొదటిది 'ఇనిషియలైజ్'. పూల్‌లోని డిస్కును మామూలు విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, దానికి ఆ డిస్కు రాత అర్థం కాక 'ఇనిషియలైజ్ చేయమంటారా' అని అడగవచ్చు. రెండోది 'ఫార్మాట్'. డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలని వచ్చే సందేశం అచ్చం మామూలు సూచనలాగే కనిపిస్తుంది. మూడోది కొత్త పూల్ సృష్టించమనే సూచన. పాత పూల్ కనబడటం లేదని, అవే డిస్కులతో కొత్తది సృష్టిస్తే పాత లెడ్జర్ మీద కొత్త లెడ్జర్ రాసినట్లే.

డిస్కు లోపాలను సరిచేసే ఆదేశాన్ని కూడా వెంటనే నడపకండి. ఆయాసపడుతున్న డిస్కును ఆ పని మరింత అలిసిపోయేలా చేస్తుంది, పైగా ఫైళ్ల జాబితాను మార్చేస్తుంది. ముందుగా తెర మీది సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. సర్వర్‌లోకి కొత్త ఫైళ్లు పంపడం ఆపండి. పూల్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే, అతి ముఖ్యమైన ఫోల్డర్లను బయటి డిస్కులోకి కాపీ చేయండి. మరమ్మతు ఆ తర్వాతే.

బయటి నుంచి లోపలికి

డిస్కు కనిపించడం లేదంటే అది చచ్చిపోయిందనే అర్థం కాదు. కరెంటు, కేబుల్, పోర్టు, చివరగా డిస్కు. ఈ వరసలో చూడండి.

సర్వర్‌ను పద్ధతిగా ఆపి, ప్లగ్ తీసి, ప్రతి డిస్కు కేబుల్‌నూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. యూఎస్‌బీ డిస్కులతో పూల్ కట్టినవారు మరింత జాగ్రత్తగా చూడాలి. చిన్న పోర్టబుల్ డిస్కులు పోర్టు నుంచే కరెంటు తీసుకుంటాయి. యూఎస్‌బీ 3 పోర్టు ప్రామాణికంగా ఇచ్చేది 900 మిల్లీయాంపియర్లు. సొంత అడాప్టర్ లేని హబ్‌కు మూడు డిస్కులు తగిలిస్తే ఆ కొద్ది కరెంటే ముగ్గురూ పంచుకోవాలి. అప్పుడు ఒక డిస్కు మాయమవుతుంది, కాసేపటికి మళ్లీ కనబడుతుంది. అలాంటి చోట మార్చవలసింది హబ్, డిస్కు కాదు.

అప్పటికీ కనబడకపోతే, అనుమానం ఉన్న డిస్కుకు పనిచేస్తున్న డిస్కు కేబుల్‌ను, పోర్టును ఇచ్చి చూడండి. లోపం డిస్కుతో పాటు కదిలితే తప్పు డిస్కుది. పాతచోటనే ఉండిపోతే తప్పు కేబుల్‌ది లేదా పోర్టుది. సాఫ్ట్‌వేర్‌తో కట్టిన పూల్‌లు సాధారణంగా డిస్కుల మీది గుర్తులను చదువుకుంటాయి కాబట్టి స్థానం మారినా గుర్తుపడతాయి. ప్రత్యేక రెయిడ్ కార్డు లేదా కొనుక్కున్న పెట్టె వాడేవారు మాత్రం తయారీదారు సూచన చూడకుండా స్థానాలు మార్చవద్దు.

నాలుగు అంకెలు చాలు

ప్రతి హార్డ్ డిస్కు తన ఆరోగ్య వివరాలు తానే రాసుకుంటుంది. ఆ ఏర్పాటు పేరు 'స్మార్ట్'. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం, లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ ఆ వివరాలు చూపుతాయి. పట్టిక చాంతాడంత ఉంటుంది. సామాన్య వినియోగదారు నాలుగు వరసలు చూస్తే చాలు.

5వ వరస: పాడైన చోట్లను వదిలేసి, వాటి బదులు డిస్కు తన అదనపు స్థలంలో వాడుకున్న చోట్ల సంఖ్య. 197వ వరస: చదవడానికి మొరాయిస్తూ, తేల్చకుండా పెట్టిన చోట్లు, మన భాషలో సస్పెన్స్ ఖాతా. 198వ వరస: పరీక్షలో ఇక చదవలేమని తేలినవి. ఈ మూడింటి అసలు విలువ సున్నా ఉండటం మంచిది. సున్నా దాటి వారం వారం పెరుగుతూ ఉంటే కొత్త డిస్కు కొనే సమయం వచ్చినట్లే.

199వ వరస కథ వేరు. డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య దారిలో చెడిన డేటా లెక్క అది. ఇది పెరుగుతుంటే ముందు అనుమానించవలసింది కేబుల్‌ను. కేబుల్ మార్చినా పాత అంకె సున్నా కాదు. ఆ రోజు అంకె రాసుకుని, వారం తర్వాత పెరిగిందో లేదో చూడండి.

డిస్కు మార్చేటప్పుడు

ప్యారిటీ, మిర్రర్ పూల్‌లలో ఒక డిస్కు పోతే పూల్ 'డిగ్రేడెడ్' అని చూపుతూనే పనిచేస్తుంది. అంటే గాడిలో ఉంది కానీ స్టెప్నీ లేకుండా నడుస్తోందన్నమాట. ఇక్కడ పాటించవలసిన క్రమం ఇది.

1. ముందు ముఖ్యమైన ఫైళ్లకు మరో కాపీ తీయండి.
2. చెడిన డిస్కు సీరియల్ నంబర్‌ను తెర మీద చూసి, డిస్కు మీది లేబుల్‌తో పోల్చి, అప్పుడే తీయండి. రెయిడ్ 5లో చెడినదాన్ని వదిలి మంచిదాన్ని లాగితే పూల్ అక్కడికక్కడే ఆగిపోతుంది.
3. కొత్త డిస్కు పరిమాణం పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.
4. పునర్నిర్మాణం ముగిసే దాకా సర్వర్‌ను వదిలేయండి. 4 టీబీ డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా ఏడు గంటలకు పైగా పడుతుంది. ఇంటి సర్వర్‌లో ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

ఈ గంటలే అసలైన పరీక్ష. మిగిలిన డిస్కులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అవి ఒకే రోజు కొన్నవైతే వాటి వయసూ ఒకటే. ఇంటి వాడకపు డిస్కుల్లో చాలావాటికి తయారీదారులు రాసే పరిమితి ప్రకారం, సుమారు 12.5 టీబీ చదివితే ఒక చదవలేని లోపం రావచ్చు. వాస్తవంలో డిస్కులు ఇంతకంటే బాగానే నడుస్తాయి. అయినా మూడు 8 టీబీ డిస్కుల ప్యారిటీ పూల్‌లో ఒకటి మార్చాలంటే మిగిలిన రెండింటి నుంచి 16 టీబీ చదవాలని గుర్తుంచుకుంటే, మొదటి మెట్టులో కాపీ ఎందుకు తీయమన్నామో తెలుస్తుంది.

కొనేటప్పుడు 'ఎస్ఎంఆర్' రకమా అని కూడా అడగండి. ఈ డిస్కుల్లో డేటా వరసలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినీ కదపాలి. అందువల్ల ఎక్కువసేపు రాయవలసి వచ్చినప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి, పునర్నిర్మాణం మధ్యలో ఆగిపోవచ్చు. ఆ సంగతి చెప్పకుండానే కొన్ని రకాలు అమ్ముతున్నారని 2020లో బయటపడ్డాక తయారీదారులు జాబితాలు ప్రకటించారు. పూల్‌కు 'సీఎంఆర్' రకం మేలు.

రెయిడ్ 5లో రెండు డిస్కులు ఒకేసారి పోయినా, డిస్కు లోపల టక్ టక్‌మని చప్పుడు వచ్చినా, ఇంట్లో ప్రయోగాలు మానండి. సర్వర్‌ను ఆపేసి, డేటా రికవరీ నిపుణుల దగ్గరికి డిస్కులన్నిటినీ కలిపి తీసుకెళ్లండి. ప్రతిసారి ఆన్ చేసి చూడటం వల్ల మిగిలిన ఆశ కూడా తగ్గుతుంది.

లోపం కానివి

4 టీబీ డిస్కు విండోస్‌లో 3.63గా కనిపిస్తే అది లోటు కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అలాగే 4 టీబీ, 2 టీబీ డిస్కులను మిర్రర్ చేస్తే వాడుకోగలిగేది 2 టీబీ మాత్రమే. మిగిలిన 2 టీబీకి జత లేదు.

బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు

మన ఇళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఇది. సామాను లారీలో డిస్కులు ఊగుతాయి, కేబుళ్లు వదులవుతాయి. బయలుదేరే ముందు సర్వర్‌ను పద్ధతిగా ఆపండి. డిస్కులకు 1, 2, 3 అని అంకెలు అంటించి, సీరియల్ నంబర్లతో ఫొటో తీయండి. వీలైతే డిస్కులను విడిగా, మెత్తటి పొరల్లో చుట్టి, మీతో పాటు తీసుకెళ్లండి. బ్యాకప్ డిస్కును మాత్రం వాటితో ఒకే సంచిలో పెట్టవద్దు. కొత్త ఇంట్లో కొత్త ఫైలు రాయకముందే అన్ని డిస్కులూ కనబడుతున్నాయో లేదో చూసుకోండి.

కరెంటు కోతలు ఉన్నచోట యూపీఎస్ తప్పనిసరి. చాలా ఇన్వర్టర్లకు వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే కరెంటు మారే క్షణంలో సర్వర్ ఆగిపోవచ్చు. వేసవిలో డిస్కు వేడి 50 డిగ్రీలు దాటకుండా చూడండి. సర్వర్‌ను మూసిన అల్మారాలో పెట్టవద్దు.

జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్‌ఎఫ్ఎస్ వంటి వ్యవస్థల్లో 'స్క్రబ్' అనే పని ఉంటుంది. రాసిన ప్రతి అక్షరాన్నీ తిరిగి చదివి, లెక్క సరిపోతోందా అని చూస్తుంది. లెడ్జర్ టాలీ చేయడమే ఇది. నెలకోసారి నడిచేలా అమర్చుకోండి.

పూల్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

పొరపాటున డిలీట్ చేసిన ఫొటో మిర్రర్‌లోని రెండు డిస్కుల నుంచీ ఒకేసారి పోతుంది. వైరస్ తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. పూల్ నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే తప్పు ఉండవచ్చు కూడా. మైక్రోసాఫ్ట్ 2007లో తెచ్చిన విండోస్ హోమ్ సర్వర్‌లో, ఒకటి కంటే ఎక్కువ డిస్కులున్న యంత్రాల్లో కొన్ని ప్రోగ్రాంలతో ఫైళ్లు మారిస్తే అవి చెడిపోయే లోపం బయటపడింది. 2008 జులైలో గానీ దాన్ని సరిదిద్దలేదు. అంతదాకా కాపాడింది వేరేచోట ఉన్న కాపీలే.

అందుకే పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం పాటించండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలపై, ఒకటి ఇంటి బయట. ఆ మూడోది మీ చెల్లెలి ఇంట్లో ఉంచిన డిస్కు కావచ్చు, లాకర్‌లో పెట్టిందీ కావచ్చు. నిజంగా తెరుచుకుంటోందా అని ఏడాదికోసారైనా రెండు మూడు ఫైళ్లు తిరిగి తీసి చూడండి.

మరో మాట. చచ్చిన డిస్కును వారంటీ కింద ఇచ్చేస్తే అందులోని ఆధార్, పాన్ నకళ్లూ దానితో పాటే వెళ్తాయి. పనిచేయని డిస్కును తుడవడం కుదరదు. అందుకే మొదటి రోజే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, దాని తాళం కాగితం మీద రాసి భద్రంగా దాచండి. శాఖకు సంబంధించిన ఏ పత్రమూ ఇంటి సర్వర్‌లోకి రాకూడదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మార్చి 31 మనకు వార్షిక ముగింపు రోజు. ప్రపంచ బ్యాకప్ దినం కూడా అదే రోజు. ఆ వారంలో ఒక సాయంత్రం ఇంటి సర్వర్‌కూ కేటాయించండి. నాలుగు అంకెలు రాసుకోండి, బ్యాకప్ డిస్కు తెరిచి చూడండి, పూల్ రకం, సీరియల్ నంబర్లు ఉన్న కాగితాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. దాన్ని అమర్చినవారు ఊళ్లో లేని రోజు అదే మీకు దారి చూపుతుంది.